నూనె కొట్టు వాళ్ల సైకిలు

సెప్టెంబర్ 8, సోమవారం

సైకిలు వచ్చింది. ఊదా రంగుది. మా అమ్మాయి దీపు దాని చుట్టూ ఒకసారి తిరిగి లోపలికి పోయింది. పోతూ పోతూ మాత్రం బెల్లుని బొటనవేలితో నొక్కింది. ఆ చప్పుడుకే నాకు కడుపు నిండిపోయింది. జూలైలో గుంటూరు హాస్టల్ నుంచి తీసుకొచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల తనంతట తాను దేన్నీ ముట్టుకోలేదు.

మామయ్యగారు కావలసినదానికంటే పెద్ద సైజు తెచ్చారు. గౌన్లు కొన్నట్టే సైకిలూ కొన్నారు. "ఎదిగే పిల్ల, మళ్లీ మళ్లీ కొంటామా" అన్నారు. పదహారేళ్లు నిండాయి, ఇంకెక్కడికి ఎదుగుతుంది? అయినా నోరు మెదపలేదు. ఇక్కడి కాలేజీలో చేర్పించడానికి ఒక గొడవ, సైకిలుకి ఇంకో గొడవ పడ్డాను. ఆటోలో అంతమంది మధ్య కూర్చుంటే ఊపిరాడదంటుంది పిల్ల. ఏం చేయను?

కొన్నచోటే ముందు బ్రేకు వైరు తీయించేశారు. వాళ్ల పెదనాన్న కొడుకెవరో ముందు బ్రేకు నొక్కి పల్టీ కొట్టి పళ్లు రాలగొట్టుకున్నాడట. "ఎనక బ్రేకు చాలు. ముందుది ప్రాణం తీసిద్ది" అని, ఆ తర్వాత నా వైపు తిరిగి, "భార్గవీ, ముందే చెప్తన్నా. ఒక్క దెబ్బ తగిలిందంటే సైకిలు అటకెక్కుద్ది, పిల్ల గుంటూరు పోద్ది" అన్నారు.

రాఘవ పక్కనే నిలబడి తల ఊపారు. మా ఆయనకి తల ఉన్నది వాళ్ల నాన్న ముందు ఊపడానికే.

హాస్టల్లో జరిగింది నేను రాయను. టెర్రస్ మీద పిట్టగోడ దగ్గర ఒక్కతే కూర్చుని ఉంటే వాచ్‌మన్ చూసి కిందికి తీసుకొచ్చాడట. అంతే. నెలల తరబడి నరకం పడుతూ ఫోన్లో నాకెందుకు చెప్పలేదే అని అడిగితే, "చెప్తే నువ్వు బాధపడతావుగా" అంది. అంతకంటే రాయను.

సెప్టెంబర్ 9

వెళ్లింది. వచ్చింది. నేను కిటికీ దగ్గరే ఉన్నానని ఎవరికీ తెలియదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మోకాళ్లు నొప్పి అంటోంది. జండూబామ్ రాశాను. సీటు కిందికంటా దించేసి ఉంది, రెండు కాళ్లూ నేలకి ఆనాలని మామయ్యగారి ఆర్డరు. ఆనుతున్నాయి. కానీ తొక్కుతుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో అన్నట్టు ఉంది. పెద్ద సైకిలు కదా, హ్యాండిలు అందక ముందుకు వంగిపోతుంది. కప్ప ఈదినట్టుంది అన్నాను. నవ్వుతుందేమోనని అన్నాను. నవ్వలేదు.

రైలు గేటు దిగుడు దగ్గర ఎలా ఉందే అని అడిగాను. "బాగానే ఉందిలే అమ్మా" అంది. ఆ దిగుడు నాకు తెలుసు. పైనుంచి జారుకుంటూ వస్తే కింద సున్నం లారీలు గేటు తీసేదాకా వరసగా ఆగి ఉంటాయి. రోడ్డంతా తెల్లటి పొడి. చినుకు పడితే పిండి తడిపినట్టు జిడ్డుగా అవుతుంది.

నాకేం భయం లేదు. ఊరికే రాస్తున్నాను.

సెప్టెంబర్ 15, సోమవారం

ఈరోజు దీపు మాట్లాడింది. అన్నం తింటూ, నేను అడక్కుండానే.

కాలేజీలో ఫ్రాన్సిస్ మాస్టారని ఆటల మాస్టారున్నారు. దీపు తొక్కడం చూసి ఆపారట. "ఏందమ్మా, కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతున్నట్టు తొక్కుతున్నావ్" అన్నారట. ఆ మాట చెబుతూ నవ్వింది. నా కూతురు నవ్వింది. నేను చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయాను.

ఆయన సీటు పైకి లేపారు. పెడల్ని కిందికంటా పెట్టి దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలట. అప్పుడు మునివేళ్ల దగ్గర పెట్టి తొక్కితే మోకాలు కొంచెమే వంగుతుందట. హ్యాండిలు వెనక్కి తిప్పారు, సీటు ముందుకు జరిపారు. బ్రేకు లివరు వేళ్లకి అందడం లేదని చిన్న స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చారు. ఇన్నాళ్లూ దీపు చెయ్యంతా చాపి వేళ్ల కొసలతో బ్రేకు పట్టుకుందన్నమాట.

ఆ తర్వాత గొంతు తగ్గించి, "ముందు బ్రేకు కూడా బిగించారమ్మా. తాతయ్యకి చెప్పమాక" అంది.

తీయించెయ్ అన్నాను. దీపు నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది. సైకిలు నా చేతికిచ్చి నడిపించమంది. వెనక బ్రేకు నొక్కమంది. నొక్కాను. చక్రం బిగుసుకుంది కానీ సైకిలు ఈడ్చుకుంటూ ముందుకే పోయింది. ముందుది నొక్కమంది. నొక్కాను. ఎవరో పట్టుకున్నట్టు ఠక్కున ఆగింది, వెనక చక్రం కాస్త పైకి లేచింది.

"చూశావా? ఆపేది ముందుదే. గట్టిగా ఒక్కసారే నొక్కితే పల్టీ కొట్టుద్ది, నిజమే. రెండూ కలిపి, మెల్లగా బిగించుకుంటా రావాల, ఒళ్లు ఎనక్కి నెట్టుకోవాల. దిగుట్లో అయితే ముందునించే పట్టుకోవాల. బయల్దేరే ముందు రోజూ ఇట్టా నడిపించి చూసుకోమన్నారు సారు."

ఎంత బాగా చెప్పింది. నాకు సగం అర్థమైంది, సగం దాని మొహం చూస్తూ ఉండిపోయాను.

మామయ్యగారికి చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకున్నా ఆయనకి వైర్లు కనపడవు. సీటు మాత్రం చూశారు. "మునికాళ్ల మీద నిలబడుద్దా పిల్ల?" అన్నారు. మోకాళ్ల నొప్పికి డాక్టరు చెప్పారని అబద్ధం ఆడాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

కొత్త తలనొప్పి. బ్రేకు పడగానే కీచుమంటోంది. మామూలుగా కాదు, బజారు మొత్తం తల తిప్పి చూసేంత. సాయంత్రం దీపు మా సందు మలుపు తిరిగి బ్రేకు వేస్తే ఎదురింటి కిరాణా కొట్టు వాళ్లు, పాల బూత్ దగ్గర కూర్చునేవాళ్లు, అందరూ చూస్తున్నారు. మామయ్యగారు కొట్లోంచే అరిచారు.

"ఏమ్మాయ్, నూనె కొట్టోళ్ల ఇంట్లో బండి అట్టా కీచుమంటే నవ్విపోరా జనం? ఇంత ఆముదం ఎయ్యరాదూ?"

నిజమే మరి. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, ఉయ్యాల గొలుసు చప్పుడు చేసినా, కాటా బిగుసుకున్నా నూనే మందు. నా పెళ్లైన కొత్తలో కుట్టుమిషను మొరాయిస్తే అత్తగారు ఆముదం చుక్క వేసి బాగుచేశారు. పాపం ఆవిడ పోయి చానా కాలమైంది. ఇంటికి వచ్చిన మనిషికి కాఫీ ఎంతో, చప్పుడు చేసే వస్తువుకి మా ఇంట్లో నూనె అంత.

దీపుతో అన్నాను. "ఉండనీలేమ్మా" అని పుస్తకం తీసుకుంది.

సెప్టెంబర్ 24

కీచు. పాల బూత్ దగ్గర ఎవడో నవ్వాడు. నాకు కోపం వచ్చింది, ఎవడి మీదో తెలియలేదు.

అక్టోబర్ 1, బుధవారం. మహర్నవమి

పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లు నిలబడినట్టే ఉన్నాయి. కొట్లో కాటాలు, డబ్బాలు, గానుగ మోటారు, రాఘవ బండి, అన్నీ కడిగి నూనె గుడ్డతో తుడిచి పసుపు కుంకుమ పెట్టాం. దీపు సైకిలు నేనే చేశాను. కాలేజీ తెరిచేలోపు ఆ చప్పుడు పోవాలని ప్రత్యేకంగా కూర్చుని చేశాను. చైనుకి, బెల్లుకి, చక్రాల అంచులకి ఆముదం పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దితే రిమ్ములు అద్దంలా అయ్యాయి. కీచుమనే ఆ రబ్బరు ముక్కలకి కూడా, నాలుగింటికీ, వేలితో పూశాను. తిప్పి బ్రేకు నొక్కితే చప్పుడే లేదు.

హ్యాండిలుకి చామంతి దండ వేశాను. చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. తల్లీ, నా బిడ్డని చల్లగా చూడు అని దణ్ణం పెట్టుకున్నాను.

దీపు ఫోటో తీసుకుంది. మనసు హాయిగా ఉంది.

అక్టోబర్ 6, సోమవారం

పడింది.

బతికే ఉంది. బతికే ఉంది.

అక్టోబర్ 7, మంగళవారం

జరిగింది రాస్తాను.

నిన్న కాలేజీ తెరిచారు. పొద్దున సన్నగా చినుకులు. పండగ తర్వాత మొదటి రోజని మామయ్యగారు గుమ్మంలో నిలబడి సాగనంపారు. ఆయన చూస్తుండగా ముందు బ్రేకు నొక్కి చూసుకోవడం ఎలా? దీపు చూసుకోకుండానే ఎక్కి వెళ్లిపోయింది. నేను కూడా, ఆలస్యమవుతోంది పో పో అన్నాను.

గేటు వేసి ఉంది. దిగుట్లో రెండు బ్రేకులూ పట్టుకుందట. బ్రేకులు పడలేదట. ఇంకా గట్టిగా నొక్కితే లివర్లు హ్యాండిలుకి తగిలాయి కానీ సైకిలు అలాగే జారిపోతూ ఉందట. ఎదురుగా ఆగి ఉన్న సున్నపురాయి లారీ వెనక భాగం. కాళ్లు నేలకి ఈడ్చింది, చెప్పు తెగిపోయింది. ఆఖర్లో హ్యాండిలు పక్కకి తిప్పేసి రోడ్డు పక్క కంకర కుప్పలోకి పోయింది.

లారీ డ్రైవరే ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చాడు. గడ్డం కింద కుట్లు. ఎడమ మణికట్టు బెణికి కట్టు కట్టారు. తిప్పకపోయి ఉంటే, అన్నాడు ఆ డ్రైవరు. మిగతాది అనలేదు.

మామయ్యగారు అడిగిందల్లా ఒకటే. "స్పీడుగా పోయావా?"

దీపు తల ఊపింది.

అది దిగుట్లో స్పీడుగా పోదు. నాకు తెలుసు. ఎందుకు ఊపింది?

అక్టోబర్ 8

మామయ్యగారు ముందు బ్రేకు వైరు చూశారు. ఇక చెప్పేదేముంది. "ఇదిగో, ఇదే పల్టీ కొట్టించింది. ఏ ఎదవ బిగించాడు దీన్ని?" ఫ్రాన్సిస్ మాస్టారి పేరు బయటికొచ్చింది. కాలేజీకి పోయి నిలదీస్తానంటున్నారు.

గుంటూరుకి ఫోన్ చేశారు. హాస్టల్లో చోటు ఉందట. సోమవారం దిగబెట్టి రావాలట. రాఘవ నా మొహం చూసి, వాళ్ల నాన్న మొహం చూసి, తల ఊపారు.

దీపు అలమర్లోంచి బట్టలు తీసి బ్యాగులో పెట్టుకుంటోంది. ఒంటిచేత్తో మడతపెడుతోంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండు.

అక్టోబర్ 9, గురువారం

సైకిలు గోడౌన్లో పెట్టారు. అటక మీదికి ఎక్కించాలంటే నిచ్చెన కావాలని రాఘవ వాయిదా వేశారు. మట్టి తుడుద్దామని వెళ్లాను.

రిమ్ము మీద వేలు పెట్టాను. జారింది. వాసన చూశాను.

వాన వల్ల అయ్యుంటుంది. రోడ్డు మీద సున్నం తడిసి జారుతుంది, ఆ సంగతి అందరికీ తెలుసు. చిన్న చుక్క ఆముదం ఏం చేస్తుంది? లోకంలో అందరూ నూనె వేస్తారు. మామయ్యగారే వేయమన్నారు.

గోనెపట్టా కప్పి వచ్చేశాను.

అక్టోబర్ 10

వాన వల్లే.

అక్టోబర్ 11, శనివారం

ఫ్రాన్సిస్ మాస్టారు ఇంటికొచ్చారు, పిల్లని చూడటానికి. మామయ్యగారు సంతకి పోయి ఉన్నారు, అదృష్టం. కాఫీ ఇచ్చాను. సైకిలు ఒకసారి చూస్తానన్నారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

గోనెపట్టా తీసి, చక్రం తిప్పి బ్రేకు నొక్కారు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన వంగి రిమ్ముని వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొహం మారిపోయింది.

"ఆముదం ఇది. ఎవరు పూశారమ్మా?"

నేను నోరు తెరిచాను. తెరిచానని ఒట్టేసి చెప్పగలను. కానీ మాట రాలేదు.

"నేనే సార్" అంది దీపు, వెనక గుమ్మంలోంచి. "కీచుమంటందని పండక్కి పూశా."

ఆయన దీపుని చూశారు. నన్ను చూశారు. "రబ్బరు గరుగ్గా రిమ్ముని పట్టుకుంటేనే బండి ఆగేది తల్లీ. నూనె చైనుకే. చక్రం అంచుకి కాదు" అని లేచి, కాఫీ సగంలోనే వదిలి వెళ్లిపోయారు.

తలుపు వేసి దీపు దగ్గరికి వెళ్లాను. ఎందుకే అట్టా చెప్పావు అన్నాను.

"నీకు ముందే తెలుసా?" మళ్లీ నేనే అడిగాను.

"పడ్డప్పుడే తెలిసింది. చేతులకంతా ఆముదం వాసన."

"మరి తాతయ్య అడిగితే స్పీడుగా పోయానన్నావేందే? గుంటూరు పంపిస్తన్నారు, తెలుసు కదా. బ్యాగు సర్దుకుంటన్నావు కదా."

తల వంచుకుని కట్టు అంచు పీక్కుంటూ అంది. "చెప్తే నువ్వు బాధపడతావుగా."

అదే మాట. అక్షరం కూడా మారలేదు.

ఈ పిల్ల నన్ను బాధపెట్టకుండా ఉండటానికి పిట్టగోడ దాకా పోయింది. ఇప్పుడు మళ్లీ పోవడానికి బట్టలు మడతపెట్టుకుంటోంది. నేనేమో వాన వల్ల అని రాసుకుంటున్నాను. ఛీ, నా బతుకు.

అక్టోబర్ 12, ఆదివారం

చేశాను. వరసగా రాస్తాను.

మామయ్యగారు కొట్లో ఉన్నారు. నేను మామూలుగా కొట్లోకి అడుగుపెట్టను. గోడౌన్లోంచి సైకిలు తీసి నడిపించుకుంటూ వెళ్లాను. గడప దగ్గర ఎత్తలేక ఆగితే రాఘవ వచ్చి వెనక పట్టుకున్నారు. ఎందుకని అడగలేదు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన తల ఊపకుండా చేసిన మొదటి పని అది.

"మామయ్యగారూ, ఒకసారి దీన్ని పట్టుకుని నడిపించండి. బ్రేకు నొక్కండి."

"ఏంది ఇప్పుడు?"

"నడిపించండి."

నా గొంతులో ఏం వినపడిందో, లేచారు. నడిపించి నొక్కారు. వెనకది, ముందుది, రెండూ. సైకిలు ఆగలేదు. డబ్బాల వరస దాకా పోయి తగులుకుంది.

"ముందు బ్రేకు పల్టీ కొట్టించలేదు. అసలు ఏ బ్రేకూ పడలేదు. నేను పూశాను ఆముదం. రిమ్ములకీ రబ్బర్లకీ. పిల్ల తప్పు లేదు, మాస్టారి తప్పు లేదు. నేనే."

కొట్లో ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు, వాళ్లూ విన్నారు. విననీ.

వేడినీళ్లు, సబ్బుపొడి తెచ్చి ఆయన ముందే కడిగాను. రాఘవ గరుకు కాగితంతో రబ్బర్లు రుద్దారు. పొడి గుడ్డతో తుడిచాక హ్యాండిలు మళ్లీ మామయ్యగారి చేతికిచ్చాను. రెండూ కలిపి మెల్లగా నొక్కమన్నాను, దీపు నాకు చెప్పినట్టే.

కీచుమని ఆగింది.

ఆయన అలాగే పట్టుకుని నిలబడ్డారు. మళ్లీ నడిపించారు, మళ్లీ నొక్కారు. చానాసేపటికి, "ఎయ్యమంది నేను" అన్నారు. "ఇక్కడ కూసుని అరిచి చెప్పా, ఆముదం ఎయ్యమని. నువ్వొక్కదానివే మోసుకోమాక."

అప్పుడు చూశాను, దీపు తలుపు దగ్గర ఉంది. ఎప్పుడొచ్చిందో.

"నువ్వెందుకు నోరు మూసుకున్నావే?" అన్నారాయన. గట్టిగా అన్నారు కానీ కళ్లలో నీళ్లున్నాయి.

దీపు నా వైపు చూసింది. చెప్పు అన్నాను. నాకు బాధేస్తే వెయ్యనీ, చెప్పు అన్నాను.

"గుంటూరు పోనని చెప్తే మీరు ఇన్నారా తాతయ్యా? మొదటిసారి పంపేటప్పుడు చెప్పా. ఎవురూ ఇనలేదు. ఇంక చెప్పడమెందుకని." ఊపిరి పీల్చుకుంది. "నేను పోను. అక్కడికి మాత్రం పోను. అక్కడుంటే నేను బతకను."

బేరగాళ్లలో ఒకాయన తన డబ్బా తీసుకుని మెల్లగా బయటికి పోయాడు.

మామయ్యగారు సైకిలుకి స్టాండు వేశారు. వంగడానికి కష్టపడుతూ వేశారు. తర్వాత ఫోన్ తీసి, గుంటూరు నంబరు వెతకలేక రాఘవకి ఇచ్చి, "రావట్లేదని చెప్పు" అన్నారు. రాఘవ తల ఊపలేదు, వెంటనే ఫోన్ చేశారు.

ఇంట్లోకొచ్చాక దీపు బ్యాగులోంచి బట్టలు నేనే తీసి అలమర్లో పెట్టాను. చాలాసేపు పట్టింది. మధ్య మధ్యలో ఆగి ఏడవాల్సి వచ్చింది, అందుకు.

అక్టోబర్ 17

కుట్లు విప్పారు. గడ్డం కింద గీత ఉంటుందట. ఉండనీ.

అక్టోబర్ 27, సోమవారం

మళ్లీ సైకిలెక్కింది. ఫ్రాన్సిస్ మాస్టారు రబ్బర్లు కొత్తవి వేశారు. కొంచెం వంచి బిగిస్తే ఆ కీచు కూడా పోతుందమ్మా అన్నారు. మామయ్యగారే వద్దన్నారు. "ఉండనియ్యండి మాస్టారూ, కొట్లో కూసున్నా పిల్ల వచ్చింది తెలిసిద్ది" అన్నారు.

పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి ఉండగానే దీపు సైకిలు నడిపించి, ముందు బ్రేకు నొక్కి చూసుకుంది. వెనక చక్రం కాస్త లేచింది. ఆయన గుమ్మం పట్టుకుని చూశారు. దీపు వెళ్లిపోయింది.

సాయంత్రం బియ్యం ఏరుతున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతున్నాను. కొట్లో మామయ్యగారు ఎవరికో నూనె పోస్తూ మధ్యలో ఆగిపోయినట్టున్నారు, ఆ మనిషి నిండలేదండీ అంటున్నాడు. ఆయన పలకడం లేదు. సందు మలుపు దగ్గర లారీ హారను, ఎవరిదో మోటార్‌సైకిలు, పాల బూత్ దగ్గర మాటలు. నాకు అవేవీ అక్కర్లేదు.

అప్పుడు కీచుమంది. బజారంతా వినపడేలా, పొడుగ్గా.

మామయ్యగారు మిగతా నూనె పోశారు. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.